నాలుగో నంబరు రిపోర్టు

మొన్న ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో మా అపార్ట్‌మెంట్ కింద హాల్లో ఒక పుట్టినరోజు విందు జరిగింది. రేడియాలజీలో ఎండీ పూర్తిచేసి ఒక పెద్ద ఆస్పత్రిలో కొత్తగా చేరిన అమ్మాయి నా పక్కన కూర్చుని ఫోనులో వీడియో చూపించింది. కాలి మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ జరుపుతూ పోతే రక్తం గడ్డ ఉందో లేదో మెషీనే చెప్పేస్తోంది. "ఇక మనకి సగం పని తగ్గిపోతుంది ఆంటీ" అంది సంబరంగా. వీడియోలో బల్లమీద పడుకున్నది నిక్కరు వేసుకున్న ఒక మగమనిషి. ముప్పయ్యేళ్లకు పైగా ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో అల్ట్రాసౌండ్ చేసి రిటైరైనదాన్ని, నా కంటికి ముందు ఆ నిక్కరే కనిపించింది. "బాగుందమ్మా, మరి సల్వార్ నాడా ఎవరు విప్పుతారు?" అని అడిగాను. జోక్ అనుకుని నవ్వేసింది.

నేను జోక్ వెయ్యలేదు. నా ఉద్యోగమంతా ఆ ప్రశ్నతోనే గడిచింది. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ కమిటీలో ఎన్నాళ్లున్నానో రాసి ఎవరికీ ప్రయోజనం లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు తెలుసుకోవలసింది ఒక అబద్ధం గురించి. దాన్ని ఎవరూ నోటితో చెప్పరు. చక్కగా టైపు చేసి ఉంటుంది, కింద డాక్టరు సంతకం ఉంటుంది. అలాంటి సంతకాల్లో ఒకటి నాది కూడా.

చేసే పని ఇంతే

కాలి లోపలి పెద్ద సిరల్లో రక్తం గడ్డకట్టడం అరుదైన జబ్బేమీ కాదు. ఆపరేషన్ తర్వాత వస్తుంది, కాన్పు తర్వాత వస్తుంది, ప్లాస్టర్ వేసి మంచానికి పరిమితం చేసినప్పుడు వస్తుంది. గడ్డ కాల్లో ఉన్నంతసేపూ వాపు, నొప్పి, బరువు, అంతే. అది ఊడి పైకి పోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే మనిషి దక్కకపోవచ్చు. కాల్లో ఉండగానే పట్టుకుంటే ఇంజెక్షన్లతో, మాత్రలతో చాలామంది బయటపడతారు.

పట్టుకోవడానికి సూది గుచ్చక్కర్లేదు, రంగు మందు ఎక్కించక్కర్లేదు, ఎక్స్‌రే కిరణాలు తగలవు. గజ్జల్లో జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, నొక్కాలి. మంచి సిర అయితే నొక్కగానే మూసుకుపోతుంది. లోపల గడ్డ ఉంటే మూసుకోదు, గుండ్రంగా అలాగే నిలబడుతుంది. రెండు వేళ్ల వెడల్పు కిందికి జరిపి మళ్లీ నొక్కాలి. అలా గజ్జ నుంచి మోకాలి వెనక దాకా, అక్కణ్నుంచి పిక్కలోకి. కొత్తగా కట్టిన గడ్డ తెరమీద మామూలు రక్తంలాగే నల్లగా కనిపిస్తుంది. కాబట్టి కళ్లతో చూసి సరిపెట్టుకుంటే దాటిపోతుంది, నొక్కితేనే బయటపడుతుంది. రెండు కాళ్లూ నిదానంగా చూసినా అరగంట పట్టదు.

ఇంత తేలిక పని సరిగ్గా జరగకపోవడానికి కారణాలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ కారణాల్లో ఒక్కటి కూడా వైద్యానికి సంబంధించింది కాదు.

వర్మగారి నంబర్లు

నేను చేరేటప్పటికి మా డిపార్ట్‌మెంట్‌లో వర్మగారని ఒక టైపిస్టు ఉండేవారు. చేతి వేగం గొప్పది, మనిషి మంచివాడు. రోజూ వందల రిపోర్టులు కొట్టాలి కదా, నార్మల్ వాటికన్నిటికీ నంబర్లు పెట్టుకున్నారు. ఒకటి కడుపు, రెండు కిడ్నీలు, మూడు థైరాయిడ్, నాలుగు కాలి సిరలు. డాక్టరు స్కాన్ గదిలోంచి "వర్మాజీ, చార్ నంబర్!" అని కేకేస్తే చాలు. పేరూ వయసూ మార్చి మిగతాదంతా దించేసేవారు. గజ్జ దగ్గరి సిర, తొడ సిర, మోకాలి వెనక సిర అన్నీ నొక్కితే పూర్తిగా మూసుకుంటున్నాయి, ఎక్కడా గడ్డ లేదు అని ఇంగ్లీషులో అందంగా వచ్చేది. గదిలో డాక్టరు ఎంతవరకు చూశాడన్నదానితో ఆ కాగితానికి సంబంధం ఉండేది కాదు.

గదిలో జరిగేదేమిటంటే, ఆడమనిషి బల్లెక్కుతుంది. అత్తగారో భర్తో పక్కనే నిలబడతారు. ఆమె సల్వార్ మోకాలి దాకా పైకి లాగుతుంది. నాడా ముడి మీద చెయ్యి తియ్యదు. మగ డాక్టరు తల దించుకుని పిక్క మీద ప్రోబ్ తిప్పి "హో గయా దీదీ" అంటాడు, అయిపోయిందక్కా అని. బయటికి నాలుగో నంబరు కేక. దీన్ని మా దగ్గర మర్యాద అనేవారు. నాకు మర్యాద తెలియక కాదు. తలుపు వేసి, పరదా లాగి, దుప్పటి కప్పి, పక్కన ఒక ఆడమనిషిని నిలబెట్టి, ఏం చేయబోతున్నామో ముందుగా చెప్పి చేస్తే అది మర్యాద. చూడాల్సిన చోటు చూడకుండా చూసినట్టు రాస్తే అది మోసం. ఇంకో పేరు పెట్టడం నాకు చేతకాదు.

బిమ్లా

నేను ఆడ డాక్టర్ని కాబట్టి నేనున్న పూట ఆడవాళ్ల కాళ్లు ఎక్కువగా నాకే పంపేవారు. మరి నేనైనా సరిగ్గా చేశానా?

బిమ్లాకి ఇరవై రెండేళ్లుంటాయి. సిజేరియన్ అయి ఇరవై రోజులు. ఎడంకాలు తొడ నుంచి పాదం దాకా వాచి ఉంది. నాడా వదులు చెయ్యమన్నాను. ఆ పిల్ల అత్తగారి వైపు చూసింది. "ఘుట్నే తక్ దేఖ్ లో మేడమ్‌జీ, ఊపర్ క్యా రఖా హై?" అంది అత్తగారు. మోకాలి దాకా చూడండి, పైన ఏముంది అని. అత్తగారిని బయటికి పంపి పరదా లాగడం రెండు నిమిషాల పని. వరండాలో జనం తలుపు కొడుతున్నారు, నాకు విసుగ్గా ఉంది. పిక్క చూశాను. మోకాలి వెనక చూశాను. అక్కడ సిర మూసుకుంది. "వర్మాజీ, చార్ నంబర్" అన్నాను.

ఐదో రోజు మధ్యాహ్నం క్యాజువాల్టీ డాక్టరు ఒక ఛాతీ ఎక్స్‌రే చూడమని పిలిచాడు. వెళితే మంచం మీద బిమ్లా. గాలి అందక ఎగశ్వాస. "కాలు చూడవయ్యా, గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "కాలి స్కాన్ నార్మల్ ఉంది కదా మేడమ్, మీరే చేశారు. పొద్దుటినుంచి నిమోనియాకి ట్రీట్ చేస్తున్నాం." పక్కన బిమ్లా భర్త ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న నా రిపోర్టు తీసి చూపించాడు. "నార్మల్ హై, మేడమ్" అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

మెషీను అక్కడికే తెప్పించి గజ్జల్లో ప్రోబ్ పెట్టాను. సిర మూసుకోలేదు. మందు మొదలుపెట్టారు. సాయంత్రానికి ఆ పిల్ల పోయింది.

ఆ రోజు నాకు అర్థమైన సంగతి ఇప్పటి పిల్లలకు ఎన్నిసార్లయినా చెబుతాను. నేను స్కాన్ చెయ్యకుండా బిమ్లాని వెనక్కి పంపేసి ఉంటే ఆమెకు ఇంకా ఎక్కువ అవకాశం ఉండేది. వాచిన కాలు, ఆయాసం, కొత్త బాలింత. రిపోర్టు లేకపోతే ఏ డాక్టరైనా గడ్డ గురించే ఆలోచించేవాడు. నా కాగితం చూసి ఆ ఆలోచన మానుకున్నాడు. ఈ మాట ఆమె భర్తకు నేను చెప్పలేదు. చెప్పొద్దన్నవాళ్లు ఉన్నారు, నాకు ధైర్యమూ లేకపోయింది. రెండూ నిజమే, సిగ్గు మాత్రం నాది.

ఖాళీ ఉండకూడదట

మా అప్పటి హెడ్ పాఠాలు చెప్పడంలో దిట్ట. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. జరిగింది చెప్పి, ఇకమీద చూడని భాగాన్ని చూడలేదని రాద్దాం సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "డాక్టర్, రిపోర్ట్ ఈజ్ ఎ డాక్యుమెంట్. ఉస్‌మే ఖాలీ జగహ్ నహీ ఛోడ్‌తే" అన్నారు. డాక్యుమెంటులో ఖాళీ వదలకూడదట. అనుమానంగా ఉంటే చివర్లో "క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్" అని ఒక ముక్క చేర్చమన్నారు. అంటే రోగి లక్షణాలతో పోల్చి మీరే తేల్చుకోండి అని. పదేళ్లు పైగా చదివి, లక్షల ఖరీదు మెషీను ముందు కూర్చుని, చివరికి మనం చెప్పేది అదీ! చేతులు దులుపుకోవడానికి ఇంత చక్కటి ఇంగ్లీషు వాక్యం ఇంకోటి లేదు. మీ రిపోర్టుల్లో దాన్ని ఎప్పుడైనా రాయబోతే ఒక్కసారి ఆగి, దేన్నుంచి తప్పించుకుంటున్నారో చూసుకోండి.

నా పేషెంట్లకి నాలుగో నంబరు వాడొద్దని వర్మగారికి చెప్పేశాను. చూసినదేదో ఒక్కొక్క సిర పేరుతో చెబుతాను, అదే కొట్టమన్నాను. "టైమ్ లగేగా మేడమ్" అని మొహం ముడుచుకున్నారు. టైమ్ పట్టింది కూడా. నా గది ముందు లైను పెరిగింది. హెడ్‌గారు నన్ను తీసుకెళ్లి ఎనిమిది నెలలు ఛాతీ ఎక్స్‌రేలు చదివే మూల గదిలో కూర్చోబెట్టారు. అప్పట్లో మేం సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసరు, నెమ్మదస్తుడు. "పోనీ కొంచెం సర్దుకోరాదూ" అనేవారు. సర్దుకోలేదు. తిరిగి అల్ట్రాసౌండ్‌కి వచ్చాక మళ్లీ అదే పని, గజ్జ దగ్గర మొదలుపెట్టి కిందికి. వెనకాల నాకు "నాడా మేడమ్" అని పేరు పెట్టారు. పెట్టుకోనిమ్మన్నాను.

ఇంతకీ ఆడవాళ్లు ఒప్పుకోరు అనేది అబద్ధం. ఇన్నేళ్లలో తలుపు వేసి, ఎందుకు చూడాలో వాళ్ల భాషలో చెప్పాక ఒప్పుకోనివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇష్టం లేనిది డాక్టర్లకి. రెండు నిమిషాలు మాట్లాడటం ఇష్టం ఉండదు, నెపం మాత్రం పేషెంటు సిగ్గు మీద పెడతారు.

కరుణ

వర్మగారు రిటైరయ్యారు. కంప్యూటర్లు వచ్చాయి. నాలుగో నంబరు రిటైరవలేదు. ఎవరో బుద్ధిమంతులు దాన్ని అలాగే కంప్యూటర్లోకి ఎక్కించారు. ఒక్క మీట నొక్కితే అవే వాక్యాలు వచ్చి పడతాయి, కామా కూడా మారలేదు.

ఇంకో ఏడెనిమిది నెలల్లో నేను రిటైరవుతాననగా ఒక రోజు కరుణ నా గదికి వచ్చింది. ఆర్థోపెడిక్ వార్డులో స్టాఫ్ నర్సు. నరసాపురం దగ్గర పల్లె. ఢిల్లీలో తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది. సిజేరియన్ అయి మూడు వారాలు.

"వెళ్లొస్తానండి మేడమ్. రేపే బండండి. పాపకి బాప్తిస్మం మా ఊళ్లో పెట్టుకున్నామండి."

"కుంటుతున్నావేంటమ్మా?"

"ఏమోనండి, ఎడంకాలు బరువుగా ఉంటందండి. నిన్న అన్షుల్ సార్ స్కాన్ చేశారు, నార్మలేనన్నారండి. బాలింతలకి నీరు చేరతది, అదే పోతాదిలే అంటంది మా అత్త."

అన్షుల్ మా జూనియర్ డాక్టరు. రిపోర్టు చేతిలోకి తీసుకున్నాను. మొదటి వాక్యం చదవగానే మిగతాది చదవక్కర్లేకపోయింది.

"గజ్జల్లో నొక్కి చూశాడా?"

కరుణ తల దించుకుంది. "సార్ మంచోరండి. సిస్టర్ ఆప్ రహ్‌నే దీజియే, మీరు ఇబ్బంది పడొద్దని, మోకాలి పైన కొంచెం దాకా చూసి వదిలేశారు. నాకూ అదే బాగుందండి. రోజూ కలిసి పనిచేసే మనిషి ముందు ఎలాగండి?"

"బల్లెక్కు."

"ఇప్పుడా? పాపని మా అత్త దగ్గర వదిలొచ్చానండి, ఆకలికి ఏడుస్తా ఉంటాది. ఊరెళ్లొచ్చాక చేయించుకుంటానండి."

"ముప్పయ్ గంటలు రైల్లో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, ఆ తర్వాత వస్తావా? పడుకో ముందు" అని గడియ పెట్టాను. నా గొంతు కఠినంగా ఉంది, నాకే తెలుస్తోంది. అది నిజంగా నీరే అయి ఉండొచ్చు. కాని నాకు భయం వేసింది, భయం వేస్తే నాకు కోపంగానే బయటికి వస్తుంది.

దుప్పటి కప్పి, జెల్ రాసి, నొక్కాను. సిర గుండ్రంగా నల్లగా అలాగే ఉంది. పక్కన ధమని కొట్టుకుంటోంది. ఇంకోసారి నొక్కలేదు. గడ్డ ఉందని తేలాక మళ్లీ మళ్లీ నొక్కకూడదు. కరుణ తలతిప్పి తెర చూస్తోంది. నర్సు కదా, ఎవరూ చెప్పక్కర్లేదు.

"మూసుకోలేదు కదండీ" అంది.

"లేదమ్మా."

"పాప ఇంకా పాలే తాగుతాదండి" అంది, నేనేదో అడ్డు చెప్పినట్టు. అప్పుడు ఏడ్చింది.

బల్లమీంచి కింద కాలు పెట్టనివ్వలేదు. ట్రాలీ మీదే వార్డుకి పంపి ఇంజెక్షన్ మొదలుపెట్టించాను. బాప్తిస్మం వాయిదా పడింది. కరుణ బతికింది.

అన్షుల్‌ని పిలిచి, కరుణ స్కాన్‌ది మెషీనులో దాచి ఉంచిన వీడియో చూపించాను. కుర్రవాడి మొహం పాలిపోయింది. బద్ధకస్తుడు కాదు, బాగా చదువుకున్నవాడు. "సిస్టర్ కో ఎంబరాస్ నహీ కర్నా థా, మేడమ్" అన్నాడు. ఆమెని ఇబ్బంది పెట్టకూడదనుకున్నావు, సరే, చూడలేదని ఎందుకు రాయలేదని అరిచాను. "టెంప్లేట్ మే ఆ జాతా హై" అన్నాడు. తనంతట తనే వచ్చేస్తుందట! రేపు ఊపిరాడకపోవడం కూడా అలాగే తనంతట తనే వచ్చేస్తుంది అన్నాను.

ఇప్పటి హెడ్ నన్ను కూర్చోబెట్టి, ఘర్ కీ బాత్ హై మేడమ్, మనింటి విషయం, ఆ రిపోర్టు స్థానంలో కొత్తది పెట్టేద్దాం అన్నారు. పాత రిపోర్టు అలాగే ఉంచి, దాని కిందే తప్పు అని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. ఆ మీట తీసేయమని ఉత్తరం ఇచ్చాను. మీటింగ్ పెట్టారు, సమోసాలు తిన్నారు, అన్ని కోణాల నుంచీ పరిశీలిస్తామన్నారు. నేను దిగిపోయే నాటికి మీట అక్కడే ఉంది.

వెనక్కి వచ్చిన కాగితం

వార్డులో కరుణని చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి ఒక మాట అడిగింది. "నేను సిస్టర్ని కాబట్టి మీ గదికొచ్చానండి. తెలుగులో మాటాడతారని వచ్చాను. ఇన్నాళ్లూ నేను స్కాన్‌కి పంపినోళ్లంతా ఎవరి గదికెళ్లారండి?" బిమ్లా పోయినప్పటినుంచి నా గదిని నేను సరిగ్గా నడుపుకున్నాను. పక్క గది గురించి ఉత్తరాలు రాశాను, అరిచాను, అంతకుమించి చెయ్యలేకపోయాను.

సెలవు పూర్తయి డ్యూటీలోకి వచ్చాక కరుణ ఎవరినీ అడగకుండా ఒక పని మొదలుపెట్టింది. కాలి స్కాన్‌కి ఏ ఆడమనిషిని పంపాల్సి వచ్చినా ముందు తనే పక్కన కూర్చుని, ఏం చేస్తారో ఎందుకు చేస్తారో చెబుతుంది. పరదా వెనక నాడా తనే వదులుచేసి దుప్పటి కప్పుతుంది. ఖాళీ ఉంటే వెంట వస్తుంది. రిపోర్టు తిరిగొచ్చాక పేషెంటుని "కహాఁ తక్ దబాయా?" అని అడుగుతుంది. ఎక్కడిదాకా నొక్కారని. గజ్జల్లో నొక్కలేదంటే ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టదు. కాగితాన్నీ, మనిషినీ కూడా వెనక్కి తీసుకొస్తుంది. నర్సు మా రిపోర్టు వెనక్కి పంపడమేమిటని డాక్టర్లు గోల పెట్టారు. "మీ తెలుగమ్మాయే కదా, కాస్త చెప్పండి" అని హెడ్ నన్ను పంపారు. వెళ్లి, ఆపొద్దని చెప్పి వచ్చాను.

నా చివరి వారంలో అన్షుల్ గదిలో ఒక మూల కూర్చుని ఉన్నాను. కరుణ ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. దాని మీద తుంటి ఆపరేషనైన ఒక ముసలావిడ. పొద్దున పక్క గదిలో ఇచ్చిన రిపోర్టు కరుణ చేతిలో ఉంది. "సర్, యే దోబారా కర్నా పడేగా. ఊపర్ దేఖా నహీ, లిఖ్ దియా" అని బల్లమీద పెట్టింది. మళ్లీ చేయాలి, పైన చూడకుండానే రాసేశారు అని. అన్షుల్ బయట లైను వైపు చూశాడు. నా వైపు చూశాడు. లేచి తలుపు వేసి పరదా లాగాడు.

గజ్జల్లో జెల్ రాసి నొక్కాడు. మూసుకుంది. రెండు వేళ్లు కిందికి జరిపాడు. మూసుకుంది. కరుణ ముసలావిడ చెయ్యి పట్టుకుని తెర మీంచి కళ్లు తిప్పకుండా నిలబడింది. మోకాలి వెనక దాకా, ఆపైన పిక్క దాకా, ఆ తర్వాత రెండో కాలు. ఎక్కడా గడ్డ లేదు. అన్షుల్ జెల్ తుడిచి, కాస్త నిష్ఠూరంగా, "నార్మల్ హీ హై, సిస్టర్" అన్నాడు.

కరుణ ముసలావిడ పైజామా నాడా ముడివేస్తోంది. తల ఎత్తకుండానే "అబ్ లిఖియే సర్" అంది. ఇప్పుడు రాయండి అని.